గుండెపోటు పోటులా రాదు: కుర్ర వయసులో ఛాతీ కలుక్కుమంటే ఏమనుకోవాలి

పోయినేడు ఎండాకాలం, రాత్రి రెండు దాటింది టైము, మంచం మీద ఓ పక్కకి ఒరిగి ఫోన్ చూసుకుంటున్నా, ఉన్నట్టుండి ఎడమ రొమ్ము కింద కలుక్కుమంది. మామూలుగా కాదు, దబ్బనం పెట్టి గుచ్చినట్టు. ఊపిరి సగం పీల్చేసరికి అక్కడే ఆగిపోయింది, ఇంకొంచెం పీలిస్తే ఇంకా గట్టిగా పొడుస్తోంది, దాంతో ఎండకి రొప్పే కుక్కలా పైపైన ఊపిరి తీసుకుంటూ కదలకుండా బిగుసుకుపోయి కూర్చున్నా. వయసు 27, సిగరెట్ అలవాటు లేదు, బీపీ షుగర్ ఏం లేవు, అయినా బుర్రలోకి వచ్చిన మాట ఒక్కటే, గుండెపోటు.

రెండు నిమిషాల్లో ఎలా వచ్చిందో అలాగే పోయింది. కానీ నిద్ర పడుతుందా ఇంక. మా పెద్దమ్మ కూతురు వైజాగ్‌లో ఎండీ చేస్తోంది, ఆ రోజు నైట్ డ్యూటీ అని తెలుసు, ఫోన్ చేసేశా.

"ఒరేయ్, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించగలవా, అరచెయ్యంతా పెట్టాలా?"

"ఫోన్లో ఎలా చూపిస్తానక్కా?"

"నాకు కాదురా బాబూ, నీకు నువ్వు చూపించుకో."

వేలితోనే చూపించగలిగా, కరెక్ట్‌గా రూపాయి బిళ్లంత చోటు. ఊపిరి పీలిస్తే పెరిగిందా అంటే పెరిగింది. చెమట పట్టిందా అంటే పట్టింది గానీ అది భయానికి. ఆయాసం, కళ్లు తిరగడం, చెయ్యి లాగడం ఏమన్నా ఉన్నాయా అంటే లేవు. ఎంతసేపుంది, రెండు నిమిషాలు. "సరే, నిటారుగా కూర్చుని మంచినీళ్లు తాగి పడుకో, మళ్లీ వచ్చి తగ్గకపోతే మాత్రం ఆగకుండా దగ్గర్లో ఏదో ఒక క్యాజువాలిటీకి పో, తగ్గినా సరే పొద్దున్నే ఒక ఈసీజీ తీయించి నాకు వాట్సాప్ చెయ్" అని పెట్టేసింది. అయిదు ప్రశ్నలు, అంతే. ఆ అయిదు ప్రశ్నలే ఎందుకడిగిందో తర్వాత అక్కని కూర్చోబెట్టి అడిగి, నేనూ కాస్త చదివి అర్థం చేసుకున్నదే ఇదంతా. నేను డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నా.

అసలు గందరగోళం మన మాటలోనే ఉందనిపిస్తుంది నాకు. పోటు అంటే పొడవడం. కత్తిపోటు, వెన్నుపోటు, పంటిపోటు అన్నిట్లో అదే. అందుకని గుండెపోటు అనగానే గుండెల్లో కత్తి దిగినట్టు ఉంటుందని చిన్నప్పట్నుంచీ మన బుర్రలో బొమ్మ పడిపోయింది. నిజంగా గుండెపోటు వచ్చినవాళ్లని అడగండి, ఎక్కువమంది చెప్పేది పొడిచినట్టు అని కాదు. బరువు పెట్టినట్టుంది, నొక్కేస్తున్నట్టుంది, తాడేసి బిగించినట్టుంది, ఏనుగెక్కి కూర్చున్నట్టుంది అంటారు. వేలు పెట్టి చూపించరు, పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టుకుంటారు, డాక్టర్లు దానికి లెవీన్ సైన్ అని ఒక పేరు కూడా పెట్టుకున్నారు.

ఈ మాట వల్ల రెండు వైపులా నష్టమే. పొడిచిన కుర్రాడు వణికిపోయి ఆసుపత్రికి పరిగెడతాడు, బరువుగా ఉన్న పెద్దాయన సోడా తాగి పడుకుంటాడు. మా బాబాయి కథ ఇదే. 54 ఏళ్లు, పొద్దున పెసరట్టు తిన్నాక గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాడు, పిన్ని జీలకర్ర నీళ్లిచ్చింది, తర్వాత సోడా, తర్వాత మెడికల్ షాపు నుంచి గ్యాస్ బిళ్ల, మధ్యాహ్నానికి దవడ లాగడం మొదలైంది, బనియన్ తడిసిపోయింది, అయినా "నొప్పైతే లేదే, బరువంతే" అంటూనే ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి ఈసీజీ తీస్తే గుండెపోటు. స్టెంట్ వేశారు, బతికాడు, కానీ ఆ ఏడెనిమిది గంటల్లో గుండె కండరం కొంత చచ్చిపోయింది, ఇప్పుడు రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఆగాలి. "పొడవలేదు కదరా" అని ఇప్పటికీ అంటుంటాడు.

ఎందుకు పొడవదు అంటే, అది నరాల సంగతి. ఛాతీ గోడ ఉంది చూశారూ, అంటే చర్మం, కండ, పక్కటెముకలు, ఊపిరితిత్తుల మీద ఉండే రెండు పొరల్లో బయటిది, వీటికి ఒక్కో పక్కటెముక వెంట ఒక్కో నరం ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌కీ వేరే కాలింగ్ బెల్ ఉన్నట్టన్నమాట, ఎవరింట్లో మోగిందో వెంటనే తెలిసిపోతుంది, అందుకే నొప్పి సూదిలా ఉంటుంది, వేలితో చూపించగలం. గుండె కండరానికి అలా కాదు. దాన్నుంచి వచ్చే నరాలు తక్కువ, అవి కూడా చెయ్యి నుంచీ రొమ్ము నుంచీ వచ్చే నరాలు వెన్నుపాములో ఎక్కడ కలుస్తాయో దాదాపు అక్కడే కలుస్తాయి. బ్లాకు మొత్తానికి ఒకటే బెల్లు పెడితే ఎవరింటికొచ్చారో వాచ్‌మన్‌కి ఏం తెలుస్తుంది, ఎక్కడో మోగుతోంది అంటాడు. మెదడు పరిస్థితీ అంతే, ఎడమ చెయ్యి అనుకుంటుంది, దవడ అనుకుంటుంది, పై పొట్ట అనుకుంటుంది.

కాబట్టి సూదిలా గుచ్చి, ఊపిరితో పెరిగి, ఒక భంగిమలో ఎక్కువై ఇంకో భంగిమలో తగ్గే నొప్పి గుండెపోటు అయ్యే ఛాన్స్ తక్కువ. తక్కువ అంటే తక్కువ, సున్నా అని కాదు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఈ లెక్కలేం పాటించకుండా ఆయాసంతోనో వాంతితోనో నీరసంతోనో కూడా వస్తుంటుంది.

ఇంక నాకొచ్చిందేంటో చెప్తా. ప్రీకార్డియల్ క్యాచ్ అంటారు. 1955లో మిల్లర్, టెక్సిడార్ అనే ఇద్దరు డాక్టర్లు పది మంది పేషెంట్లలో దీన్ని గమనించి రాశారు, ఆ పదిమందిలో ఒకడు మిల్లరే, అంటే డాక్టర్‌కే వచ్చిందన్నమాట, అందుకే అంత శ్రద్ధగా రాసుంటాడు. బడి పిల్లల్లో, టీనేజ్‌లో ఎక్కువ, ఇరవైల్లో కూడా కనపడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే వస్తుంది, అదీ ఎక్కువగా వంగిపోయి కూర్చున్నప్పుడు, పరిగెడుతున్నప్పుడు కాదు. ఎడమవైపు ఒక్క చోట, అర నిమిషం నుంచి మూడు నిమిషాల దాకా. కొంతమందికి ధైర్యం చేసి గట్టిగా ఒక్క ఊపిరి పీలిస్తే టప్‌మని ఏదో వదిలినట్టై పోతుంది. ఎందుకొస్తుందో ఇప్పటికీ గట్టిగా ఎవరూ తేల్చలేదు, పక్కటెముకల మధ్య నరమో ఊపిరితిత్తి బయటి పొరో నొక్కుకుంటుందని అనుమానం. మందు లేదు, అవసరం కూడా లేదు, వయసు పెరిగేకొద్దీ దానంతటదే రావడం మానేస్తుంది. మా ఆఫీసులో చెప్తే ఎనిమిది మంది టీమ్‌లో ముగ్గురు "అరే నాకూ వస్తుంది" అన్నారు, ఒక్కడూ అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

రెండోది జిమ్ బ్యాచ్‌కి బాగా తెలిసినది. రొమ్ము మధ్యలో నిలువుగా ఎముక ఉంటుంది కదా, పక్కటెముకలు దానికి నేరుగా అతుక్కోవు, మధ్యలో మెత్తటి ఎముక ముక్క ఉంటుంది, ఆ అతుకుల దగ్గర వాపులాంటిది వస్తే కాస్టోకాండ్రైటిస్ అంటారు. రెండు నుంచి అయిదో పక్కటెముక దాకా ఉన్న అతుకుల దగ్గర ఎక్కువ. వారం రోజులు విడవకుండా దగ్గినా, ఇల్లు మారుతూ బీరువా మోసినా, జనవరి ఒకటిన జిమ్‌లో చేరి రెండో రోజే బెంచ్ ప్రెస్ మీద పడ్డా రావచ్చు. వేలితో ఆ అతుకు మీద నొక్కితే అదే నొప్పి, అచ్చం అదే, అబ్బా అనేలా వస్తుంది. నొప్పితో పాటు అక్కడ బయటికి కనపడేలా వాపు కూడా ఉంటే అది టీట్జ్ సిండ్రోమ్, 1921లో టీట్జ్ అనే జర్మన్ సర్జన్ రాశాడు కాబట్టి ఆయన పేరే. ఇది రెండు నిమిషాల్లో పోయే బాపతు కాదు, వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. బరువులు ఆపి, వేడి కాపడం పెట్టుకుని, డాక్టర్ చెప్పిన నొప్పి మాత్ర నాలుగు రోజులు వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఛాతీకి ఒక పక్కనే చర్మం మంటగా చురచురలాడుతూ, చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోతే రెండు మూడు రోజులు చర్మం మీద ఓ కన్నేసి ఉంచండి, నీటి పొక్కులు వరసగా తేలితే అది అక్కి, కొన్ని ఊళ్లలో సర్పి అంటారు. పొక్కులకంటే ముందే నొప్పి వస్తుంది కాబట్టి గుండె అనుకుని కంగారు పడేవాళ్లు ఉన్నారు. మా అమ్మమ్మ ఊళ్లో అయితే కుమ్మరాయన దగ్గరికెళ్లి జేగురుతో అక్కి రాయించుకునేవాళ్లు, రాయించుకోవాలనుంటే రాయించుకోండి గానీ పొక్కులు తేలిన మూడు రోజుల్లోపు వైరస్ మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, అది మర్చిపోకండి.

గ్యాస్ గురించి ఏం చెప్పాలి, మనకి మోకాలు నొప్పొచ్చినా గ్యాసే. కానీ పూర్తిగా కొట్టిపారేయలేం, ఎందుకంటే అన్నవాహిక సరిగ్గా గుండె వెనకాలే ఉంటుంది, రెండిటి నరాలూ దాదాపు ఒకే దారి. రాత్రి పదకొండింటికి మండీ తిని పన్నెండింటికి పడుకుంటే యాసిడ్ పైకి తన్ని రొమ్ము మధ్యలో మండుతుంది, అన్నవాహిక బిగుసుకుంటే గుండెనొప్పిలాగే ఉంటుంది, పెద్ద డాక్టర్లు కూడా చేత్తో చూసి చెప్పలేరు. ఇక్కడ చాలామంది పడే బోల్తా ఏంటంటే, గ్యాస్ మందు తాగితే తగ్గింది కాబట్టి గుండె కాదు అనుకోవడం. అది రుజువు కాదు. గుండెనొప్పి మధ్యలో తగ్గి మళ్లీ వస్తుంటుంది, ఆ తగ్గే టైముకి మీరు మందు తాగి ఉంటారు, క్రెడిట్ మందుకి పోతుంది.

భయం వల్ల వచ్చే నొప్పి ఇంకో పెద్ద సబ్జెక్టు. 2021 అక్టోబర్‌లో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకి, 2022 ఫిబ్రవరిలో మంత్రిగా ఉన్న గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకి, 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో కుప్పకూలి ఫిబ్రవరిలో తారకరత్న 39 ఏళ్లకి, ఇలా వరసగా విన్నాం. జిమ్‌లో పడిపోయిన కుర్రాడి సీసీ కెమెరా వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లో తిరగని వారం ఉండదు. ఇవన్నీ చూసినవాడికి చిన్న కలుక్కు రాగానే గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతాయి, చెయ్యి తిమ్మిరి చూసి ఇంకా భయం, ఇదో గానుగ. పానిక్ అటాక్ మామూలుగా పది నిమిషాల్లోపు పీక్‌కి వెళ్లి తర్వాత దిగిపోతుంది. నొప్పి మాత్రం నిజం నొప్పే, నటన కాదు, "ఏం లేదురా టెన్షన్" అని వీపు మీద తట్టి పంపేయడం నాకసలు నచ్చదు. పైగా పానిక్ అని చెప్పాల్సింది మిగతావి కాదని చూశాకే, చూడకముందు కాదు.

గుండెపోటు పక్కనపెడితే ఇప్పటిదాకా చెప్పినవాటిలో ప్రాణం తీసేదేమీ లేదు. కానీ సూదిలా పొడిచేవాటిలోనూ కొన్ని ప్రమాదకరమైనవి ఉన్నాయి, పొడిచింది కాబట్టి పర్లేదు అనుకోకూడనివి, వీటి దగ్గర కాస్త ఆగుదాం.

పొడుగ్గా సన్నగా వెదురుబొంగులా ఉండే కుర్రాళ్లు, ముఖ్యంగా సిగరెట్ తాగేవాళ్లు, దెబ్బ తగలకుండానే ఊపిరితిత్తి మీద ఉండే చిన్న బుడగ పగిలి గాలి బయటికొచ్చి ఛాతీ గోడకీ ఊపిరితిత్తికీ మధ్య చేరిపోవచ్చు. న్యూమోథొరాక్స్. ఒక్కసారిగా ఒక పక్క పొడిచినట్టు వచ్చి ఆయాసం మొదలవుతుంది, గాలి పెరిగేకొద్దీ ఆ పక్క ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. మామూలు ఛాతీ ఎక్స్‌రేలోనే చాలావరకు కనపడిపోతుంది. కొంచెమే ఉంటే చూస్తూ ఉంటారు, ఎక్కువుంటే సూదితోనో ట్యూబ్‌తోనో గాలి తీస్తారు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, సిగరెట్ మానకపోతే మరీను.

ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డం పడడం ఇంకోటి, పల్మనరీ ఎంబాలిజం. గడ్డ ఎక్కువగా కాలి రక్తనాళాల్లో పుట్టి పైకి వస్తుంది. కాలికి కట్టు వేసి నెల రోజులు మంచం మీదున్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, బాలింతలు, హైదరాబాద్ నుంచి అమెరికాకి ఇరవై గంటల పైన సీట్లోంచి లేవకుండా వెళ్లినవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. గర్భనిరోధక మాత్రలు కూడా రిస్క్‌ని కొంత పెంచుతాయి, అలాగే పెళ్లనో వ్రతమనో పీరియడ్స్ వాయిదా వెయ్యడానికి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే హార్మోన్ మాత్రలు కూడా. ఈ రెండోది మనిళ్లల్లో ఎంత మామూలైపోయిందంటే ఆసుపత్రిలో ఏం మందులు వాడుతున్నారమ్మా అని అడిగితే చాలామంది దాన్ని మందు కింద లెక్కే వెయ్యరు. ఒక పిక్క వాచి, నొప్పిగా ఉండి, ఆ తర్వాత ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడవడం, ఆయాసం, దగ్గులో రక్తం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

గుండె చుట్టూ ఉండే పొర వాస్తే పెరికార్డైటిస్. గుండె కండరం పొడవదన్నాను కదా, ఈ బయటి పొర మాత్రం బాగా పొడుస్తుంది. వైరల్ జ్వరం తగ్గాక వారం పది రోజులకి రావడం మామూలు, మన దేశంలో టీబీ వల్ల కూడా వస్తుంది. దీని గుర్తు చాలా స్పష్టం, వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, లేచి ముందుకి వంగి కూర్చుంటే తగ్గుతుంది. ఎక్కువ కేసులు మందులతోనే తగ్గిపోతాయి, కానీ వాపు గుండె కండరం దాకా పాకిందేమో, పొరలో నీరు చేరిందేమో చూడాలి కాబట్టి ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తారు.

వెనక వీపులోకి చీల్చుకుపోతున్నట్టు ఒక్కసారిగా వచ్చే భరించలేని నొప్పి అయితే పెద్ద ధమని గోడ చీలడం కావచ్చు, అరుదే గానీ క్షణాల మీద ఆట. అలాగే పరిగెడుతుంటే, మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినా, ఆడుతూ ఆడుతూ కళ్లు తిరిగి పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయి ఉన్నా, ఎంత కుర్రాడైనా కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లాల్సిందే, గుండె గోడ పుట్టుకతోనే మందంగా పెరిగే జబ్బులు అలాగే బయటపడతాయి.

మరి అసలు గుండెపోటు కుర్రాళ్లకి రాదా అంటే వస్తుంది, మనవాళ్లకి మరీ తొందరగా వస్తుంది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ స్టడీలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకి, మిగతావాళ్లకి 59కి దగ్గర్లో వచ్చింది. అంటే మనకి ఓ అయిదారేళ్లు ముందే. సిగరెట్, షుగర్, కొలెస్ట్రాల్ తేడాలు, నాన్నకి 55 లోపో అమ్మకి 65 లోపో గుండె జబ్బు రావడం, ఇవి ఉంటే 32 ఏళ్లవాడిని కూడా కుర్రాడని వదిలెయ్యకూడదు.

నా ఈసీజీ సంగతి చెప్తా, అదో కామెడీ. పొద్దున్నే ఒక పెద్ద ఆసుపత్రికెళ్లా, కాగితం మీద మెషీనే పైన అబ్‌నార్మల్ అని ప్రింట్ కొట్టింది. కాళ్లల్లో వణుకు. అక్కకి పంపితే నవ్వింది, ఆరోగ్యంగా ఉండే కుర్రాళ్లలో చాలామందికి ఆ గీత కొంచెం పైకి లేచి ఉంటుందట, ఎర్లీ రీపోలరైజేషన్ అంటారు, మెషీన్‌కి ఆ తేడా సరిగ్గా తెలీదు, మనిషే చూడాలి. అక్కడి డ్యూటీ డాక్టర్ కూడా అదే అన్నాడు, కానీ బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి మాత్రం "ఎందుకైనా మంచిది సార్, సీటీ యాంజియో ప్యాకేజీ ఉంది" అని వెంటపడింది. రెండు నిమిషాల కలుక్కుకి, 27 ఏళ్లవాడికి, యాంజియో! వద్దని వచ్చేశా.

దానికి పూర్తిగా రివర్స్ తప్పు కూడా జరుగుతుంది. ఒక్క ఈసీజీ నార్మల్ వచ్చిందని ఇంటికొచ్చెయ్యడం. గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగా ఉండొచ్చు, అందుకే అనుమానం ఉంటే కాసేపాగి మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. కండరం దెబ్బతింటే ఆ ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది, కానీ రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది, కాబట్టి నొప్పొచ్చిన అరగంటకే చేసి లేదంటే దానికి అర్థం లేదు, రెండోసారి చేయించాలి.

బరువుగా నొక్కేస్తూ పది పదిహేను నిమిషాలకీ తగ్గకపోతే, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకడం ఉంటే 108కి ఫోన్ చెయ్యండి, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సర్వీసు అది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. బండేసుకుని మీరే పోవద్దు, దారిలో స్పృహ తప్పితే మీతో పాటు ఇంకొకరికీ ప్రమాదం. గట్టిగా దగ్గుతూ ఉంటే గుండెపోటు ఆగిపోతుందని ఏళ్ల తరబడి తిరుగుతున్న ఫార్వర్డ్ శుద్ధ అబద్ధం. నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్ కూడా పక్కింటాయన దగ్గర తీసుకుని వేసుకోకండి, బీపీ ఉన్నట్టుండి పడిపోవచ్చు. ఆస్పిరిన్ కూడా ఫోన్లో డాక్టర్ చెప్తేనే, అలర్జీ ఉన్నవాళ్లకీ ధమని చీలినవాళ్లకీ అదే ప్రమాదం.

క్యాజువాలిటీలో డాక్టర్ ఎలా ఉందమ్మా నొప్పి అని అడిగితే మనం వెంటనే "చెస్ట్ పెయిన్ సార్" అని ఆపేస్తాం. అక్క కంప్లయింట్ అదే, పేషెంట్లు తమకి తెలిసిన మంచి మాటలన్నీ ఇంట్లో వదిలేసి వస్తారంటుంది. కలుక్కుమందా, పొడిచిందా, మండిందా, పట్టేసిందా, బరువుగా ఉందా, గుంజుతోందా, తెలుగులో ఇన్ని ఉన్నాయి, ఏది సరిపోతే అది చెప్పండి. వేలితో చూపించాలా అరచెయ్యి పెట్టాలా చూసుకోండి. మొదలైన టైము గుర్తుపెట్టుకోండి, పడుకోబోయే ముందు అని కాకుండా రెండుంపావుకి అని చెప్పండి, ట్రోపోనిన్ రెండోసారి ఎప్పుడు తియ్యాలో ఆ టైముని బట్టే లెక్కేస్తారు.